చేవకు ఇంగ్లీషు మాట

కోడుమూరు నుంచి కర్నూలుకు పోయే బాట పక్కన, ఊరు దాటగానే, గాబ్రియేలు బండ్ల కొట్టం ఉండేది. గోడకు ఆనించిన పాత చక్రాలు, ఎండకు ఆరుతున్న మొద్దులు, చెక్కపేళ్లు గీరుకుంటూ తిరిగే కోళ్లు ఆ కొట్టం గుర్తులు. గాబ్రియేలు మిషన్ వారి పనిబడిలో వడ్రంగం నేర్చుకున్నాడు. తాతల నుంచి వచ్చిన పని కాదు కాబట్టి మొదట్లో రైతులెవరూ అతని చేత కొత్త బండి చేయించుకోలేదు. కాడి చెక్కడానికో, చక్రంలో విరిగిన ఆకు మార్చడానికో మాత్రం పిలిచేవారు. ఒక ఏడు పేరున్న వడ్లాయన జ్వరంతో మంచాన పడితే, రంగన్న అనే రైతు వేరే దారి లేక గాబ్రియేలు చేత చక్రాల జత చేయించుకున్నాడు. నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడి లేచిన ఆ చక్రాలు ఎన్ని పంటలు మోసినా కీలు వదల్లేదు. ఆ తర్వాత గాబ్రియేలుకు చేతినిండా పని.

ఆయన కూతురు జ్ఞానమణి. ఆమెకు చెట్లన్నీ అవి ఏమవుతాయో దాన్నిబట్టే తెలుసు. తుమ్మ అంటే చక్రం. వేప అంటే ద్వారబంధం. చండ్ర అంటే రోకలి. హంద్రి ఏటి ఒడ్డున నిలబడ్డ మానును చూసి, ఈ వంపు కాడికి సరిపోతుందనో, ఈ కొమ్మ ఎందుకూ పనికిరాదనో చిన్నప్పుడే చెప్పేది. మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివాక, నందికొట్కూరు దగ్గర ఒక పల్లెలో చర్చి బడి నడిపే ప్రేమయ్య పంతులుకిచ్చి పెళ్లి చేశారు. రెండేళ్లు తిరక్కుండానే కలరా వచ్చి ప్రేమయ్య పోయాడు. పిల్లలు లేరు.

ప్రేమయ్యను మట్టి చేసిన మర్నాడు పొద్దున, బడిపిల్లలు ఎప్పటిలాగే పలకలు పట్టుకుని చర్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. రావద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. జ్ఞానమణి గడపలో నిలబడి వాళ్లను కాసేపు చూసింది. తర్వాత ముఖం కడుక్కుని, కొంగు నడుముకు దోపుకుని వెళ్లి వాళ్ల ముందు నిలబడింది. ఆ రోజు నుంచి ఆ బడి ఆమెదే అయింది.

ఆరేళ్లు గడిచాక కొత్త నిబంధన వచ్చింది. ట్రైనింగు లేనివాళ్లు ఇక బడిలో ఉండకూడదు. కర్నూలులోని ట్రైనింగు స్కూల్లో చేరాలంటే పరీక్ష రాయాలి. అందులో ఒక పేపరు ఇంగ్లీషు వ్యాసం. పల్లెబడుల్ని చూసుకునే దొరసానమ్మ ఈ మాట చెప్పి, ఒక వ్యాసాల పుస్తకం, ఒక డిక్షనరీ ఆమె చేతిలో పెట్టింది.

"నీకు పాఠం చెప్పడం వచ్చు, జ్ఞానమణీ. అది వాళ్లకు తెలియాలి గదా. ఇంగ్లీషులోనే తెలియాలి," అంది.

ఎండాకాలం సెలవులకు జ్ఞానమణి కోడుమూరు వచ్చింది. పొద్దున్నే కొట్టంలో మొద్దు మీద కూర్చుని పుస్తకం తెరిచేది. అందులో చెట్ల మీద వ్యాసాలు చాలా ఉన్నాయి. ఓక్ అట, ఎల్మ్ అట, విల్లో అట. ఏరు పక్కన వంగి నీళ్లను ముద్దుపెట్టుకునే కొమ్మలట. హంద్రిలో ఏడాదికి నాలుగు నెలలు నీళ్లుంటే గొప్ప. ఆమెకు ఆ చెట్లు ఎట్లుంటాయో బొమ్మకట్టలేదు. కానీ వాటిని వర్ణించిన మాటలు మాత్రం బాగా నచ్చాయి.

ఒకరోజు గాబ్రియేలు బాడిసె పక్కన పెట్టి అడిగాడు.

"ఏం సదువుతాండావు పాపా, అంత సేపట్నుంచి పెదాలు కదిలిస్తా?"

"ఒక మాట యాడ వాడాల్నో సూస్తాండా నాయనా. మనం గట్టి అంటామే, దానికి ఇంగ్లీషులో శానా మాట్లుండాయి."

"గట్టికా? గట్టంటే గట్టే గదా. అన్ని మాట్లేంటికి?"

"రాయి గట్టిగుంటే హార్డ్ అంటారు. తోలు గట్టిగుంటే టఫ్. ముడి గట్టిగుంటే టైట్. మనిషి గట్టోడైతే స్ట్రాంగ్."

గాబ్రియేలుకు నవ్వు వచ్చింది. తర్వాత ఆలోచనలో పడ్డాడు. లేచి వెళ్లి రెండు చెక్కముక్కలు తెచ్చి ఆమె ఒళ్లో వేశాడు. ఒకటి చండ్ర, ఇంకొకటి తుమ్మ.

"అయితే ఇవి సెప్పు. చండ్ర మీద ఉలి పెడితే జారతాది. తుమ్మ మీద పెడితే దిగుతాది, కానీ ఎంత కొట్టినా సీలదు. రెండూ గట్టియే. యాదానికి యా మాట?"

జ్ఞానమణి రెండింటినీ చేతుల్లో తిప్పి చూసింది. "చండ్ర హార్డ్," అంది. "తుమ్మ టఫ్."

"సరే. మరి ఆ ఏప కంబముండాదే, దూలం మోస్తా? అదీ?"

జ్ఞానమణి డిక్షనరీ తిరగేసింది. ఆ మాట ఆమెకు అంతకు ముందు రోజే కనబడింది. "స్టర్డీ," అంది. "పొట్టిగుండొచ్చు, నాజూకుగా ఉండదు. మొదలు మందం. గాలొచ్చినా, బరువేసినా యట్లుండేది అట్లే నిలబడతాది."

"అంటే మీ అమ్మ," అన్నాడు గాబ్రియేలు.

సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఒక బిందె, చంకలో ఒక బిందెతో ఓబులమ్మ లోపలికి వచ్చింది. తండ్రీ కూతుళ్లు పడిపడి నవ్వుతుంటే బిందెలు దించి, "ఏందప్పా, నన్ను జూసి నవ్వుతాండారు?" అని అడిగింది.

"నిన్ను ఇంగ్లీషులో పొగుడుతాండాము," అన్నాడు గాబ్రియేలు.

"మానుతో పోల్చినాడమ్మా," అంది జ్ఞానమణి.

"నేను మానునైతే ఈ బిందెలు ఎవురు మోస్తారు? మాను మోస్తాదా?" అని ఓబులమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. అయినా ఆ మాట ఆమెకు నచ్చినట్టే ఉంది. సంగటి కెలుకుతూ, ఎవరూ వినడం లేదనుకుని, "స్టరిడీ" అని ఒకసారి తనలో తాను అనుకుంది.

ఆ సెలవులంతా అట్లా గడిచింది. గాబ్రియేలు ఏ పని చేస్తున్నా దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అడిగేవాడు. వంకర, వంపు, మెలి, గాటు. ఒక్కో మాటకు ఆమె వెతికి చెప్పేది. ఒక్క మాటకు మాత్రం ఆమె దగ్గర జవాబు లేకపోయింది. చేవ. మానులో బయటి తెల్లచెక్క లోపల నల్లగా ముదిరి, పురుగుకు లొంగకుండా ఉండే భాగం. బండి చేసేవాడికి కావలసింది అదే. డిక్షనరీ ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఉంది గాని, తెలుగు నుంచి ఇంగ్లీషుకు లేదు. ఎక్కడని వెతుకుతుంది?

"లేకపోతే పోనీలే," అన్నాడు గాబ్రియేలు. "వాళ్ల చెట్లకు చేవ లేదేమో."

పరీక్ష రోజున కర్నూలులో పొడుగాటి హాల్లో చాలామంది కూర్చున్నారు. ఎక్కువమంది టౌను బోర్డింగుల్లో చదివినవాళ్లు. వ్యాసానికి ఇచ్చిన విషయం బోర్డు మీద రాశారు. ఒక అందమైన చెట్టును వర్ణించండి.

చుట్టూ కలాలు వెంటనే కదిలాయి. పక్క వరసలో కృపమణి అనే అమ్మాయి మామిడిచెట్టు అని శీర్షిక రాసి, చూడకుండా అప్పచెప్పినట్టు రాసుకుపోతోంది. జ్ఞానమణికీ ఆ వ్యాసం నోటికి వచ్చు. దొరసానమ్మ ఇచ్చిన పుస్తకంలో అది పన్నెండో పేజీలో ఉంది. చల్లని నీడ, తీయని పండు, కోయిల పాట. రాస్తే సరిపోయేది. కానీ ఆమెకు ఎందుకో చెయ్యి ఆడలేదు. కోడుమూరు చుట్టుపక్కల తను ఎన్ని మామిడిచెట్లు చూసింది? కళ్లు మూసుకుంటే కొట్టం వెనక వంక గట్టున నిలబడ్డ నల్లతుమ్మే కనబడుతోంది. కలం సిరాలో ముంచి, ఇంగ్లీషులో ఇట్లా రాసింది:

"మీరు అందమైన చెట్టు గురించి రాయమన్నారు. మా ఊరి తుమ్మచెట్టు అందమైనదని ఎవరూ అనరు. దాని కింద కూర్చుంటే ముల్లు గుచ్చుకుంటుంది. దాని బెరడు ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంటుంది. అది నిటారుగా పెరగదు. గాలి ఒకవైపు తోస్తే ఒకవైపు, ఎండ ఒకవైపు తోస్తే ఇంకొకవైపు తిరిగి, చివరికి తనకు నచ్చినట్టు నిలబడుతుంది. వానలు పడని ఏడు అది పొడుగు పెరగదు. అట్లాగని ఊరికే ఉండదు. లోపల నల్లబడుతుంది. ఆ నల్లని భాగాన్ని మావాళ్లు చేవ అంటారు. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. బయటి తెల్లచెక్కను పురుగు తింటుంది, చేవను తినలేదు. మా నాయన బయటిదంతా చెక్కేసి, చేవతో చక్రం చేస్తాడు. మా ఊరి జొన్నలు, కొర్రలు, పత్తి ఆ చక్రం మీదే సంతకు పోతాయి. ఇది అందం కాకపోతే అందం అంటే ఏమిటో ఎవరైనా నాకు చెప్పాలి."

ఇంకా రాసింది. గంట కొట్టేసరికి వేళ్ల నిండా సిరా.

కొన్నాళ్లకు కర్నూలు రమ్మని దొరసానమ్మ కబురు పంపింది. ప్యాసైతే పేర్లు బోర్డుకు అంటిస్తారు. రమ్మని కబురు ఎందుకు? గాబ్రియేలు బండి కట్టాడు. ట్రైనింగు స్కూలు ఆవరణలో ఎడ్లను నీడకు కట్టి, ఆయన బయటే ఉండిపోయాడు.

ఆఫీసు గదిలో దొరసానమ్మ ముఖం ఎర్రగా ఉంది. బల్లకు అవతల మద్రాసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. తలపాగా, నల్లకోటు, సన్నఫ్రేము కళ్లజోడు. ముందర జ్ఞానమణి రాసిన కాగితాలు ఉన్నాయి.

"కూర్చోమ్మా," అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. "మిగతా పేపర్లలో నీకు మంచి మార్కులే వచ్చాయి. ఈ వ్యాసం మాత్రం నీది కాదని నా అభిప్రాయం. చెట్టు మీద ఏటా అడుగుతారని తెలిసి ఎవరో రాసిస్తే నువ్వు కంఠస్థం చేశావు. పల్లెబడిలో పలకలు దిద్దించే మనిషి ఇట్లా రాయడం నేను నా సర్వీసులో చూడలేదు. నిజం చెబితే వచ్చే ఏడు మళ్లీ రాయనిస్తాను."

జ్ఞానమణికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత చెవులు వేడెక్కాయి.

"ఎవరో అంటే నేనేనని ఆయన ఉద్దేశం," అంది దొరసానమ్మ. లేచి ఆ కాగితం మీద వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి. చేవ అని తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. దాని ఇంగ్లీషు తెలియదని కూడా రాసింది. మా భాషలో దాన్ని హార్ట్‌వుడ్ అంటారు. ఇది నేను రాసి ఉంటే, ఆ మాట నాకు తెలియకుండా ఉంటుందా?"

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మళ్లీ చూశాడు. "అది ఆలోచించదగ్గ మాటే," అన్నాడు. "మీరు హామీ ఇస్తే..."

"వద్దు సార్," అంది జ్ఞానమణి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె నిలబడింది.

"అమ్మగారు నా తరపున సెప్పినందుకు దండాలు. కానీ ఆమె మాట మీద నన్ను సేర్చుకోవద్దు సార్. ఇంకో విషయమియ్యండి. ఈ గదిలోనే, మీ కండ్ల ముందరే రాస్తా. రాయలేకపోతే వచ్చే ఏడు గాదు, ఎప్పటికీ రాను."

ఇన్‌స్పెక్టరు లేచాడు. అటూ ఇటూ చూసి కిటికీ దగ్గరికి నడిచాడు. మళ్లీ చెట్టునే ఇస్తే కంఠస్థం అనే అనుమానం మిగులుతుంది. ఇళ్ల కప్పుల మీదుగా కొండారెడ్డి బురుజు కనబడుతోంది.

"దాన్ని గురించి రాయి," అన్నాడు. "చరిత్ర వద్దు. రాజుల పేర్లు వద్దు. అది ఎట్లా ఉందో, అంతే."

దొరసానమ్మ బయటికి వచ్చేసింది. ఎడ్ల దగ్గర గాబ్రియేలు లేచి నిలబడ్డాడు.

"ఏమైంది అమ్మగారూ? పాప యాడ?"

"మళ్లీ పరీక్ష రాస్తోంది."

"ఏంటికి? తప్పిందా?"

"తప్పలేదు. ఆమె రాసింది ఆమెది కాదు అంటున్నారు. అంత మంచి ఇంగ్లీషు ఆమెకు రాదట."

గాబ్రియేలు ముఖం మొదట నల్లబడింది. తలగుడ్డ విప్పి దులిపాడు. మళ్లీ చుట్టుకోబోతూ ఆగాడు. మెల్లగా ఆయన పెదాలు విచ్చుకున్నాయి.

"అంత బాగ రాసిందా అమ్మగారూ?" అని అడిగాడు.

లోపల జ్ఞానమణి కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకుంది. రాతి పని ఆమెకు తెలియదు. బురుజును అంతకు ముందు దారిలో పోతూ చూడడమే గాని, నిలబడి చూసింది లేదు. ఇప్పుడు చూసింది. కాగితం చాలాసేపు తెల్లగానే ఉంది. ఇన్‌స్పెక్టరు తన ఫైళ్లలో తల దూర్చి, మధ్యమధ్య ఆమె వైపు చూస్తున్నాడు. తర్వాత ఆమె రాయడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు.

"ఇది ఎత్తుగా ఉండాలని ఆశపడిన కట్టడం కాదు. నేలను వదలడం ఇష్టం లేని మనిషిలా కూర్చుని ఉంది. మొదలు వెడల్పు. పైన ఉన్నది కిందిదానికన్నా చిన్నది కాబట్టి, కింద ఉన్నదానికి భయం లేదు. దీన్ని గుండ్రంగా కట్టారు. నేను చక్రాలు చేసేవాని కూతురిని. గుండ్రని దాంట్లో ప్రతి ముక్కా పక్క ముక్కను పట్టుకుని ఉంటుందని నాకు తెలుసు. మూల ఉంటే దెబ్బ మూలకు తగులుతుంది. మూల లేనిదాన్ని కొట్టాలంటే మొత్తాన్ని కొట్టాలి. రాళ్ల మధ్య గడ్డి మొలిచింది. పావురాలు కాపురం పెట్టాయి. ఎవరిని ఆపడానికి కట్టారో వాళ్లు రావడం మానేశారు. ఇది మాత్రం తన పని ఇంకా అయిపోలేదన్నట్టు నిలబడి ఉంది. ఇంగ్లీషులో స్టర్డీ అనే మాట ఉంది. ఆ మాటను ఎవరో ఇట్లాంటిదాన్ని చూసే పుట్టించి ఉంటారు."

కాగితం ఇచ్చి, వెనక్కి వచ్చి నిలబడింది. ఇన్‌స్పెక్టరు చదివాడు. ఎర్రపెన్సిలు తీసి ఒకచోట గీత పెట్టాడు.

"ఇక్కడ 'ఎ' కాదు, 'ది' ఉండాలి."

"అవును సార్."

ఇంకొకచోట ఒక స్పెల్లింగు దిద్దాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు.

"మామిడిచెట్టు మీద ఒకే వ్యాసాన్ని ఇన్నేళ్లుగా వందలమంది రాస్తే చదివాను," అన్నాడు. "చదివి చదివి, ఇంకోటి కనబడేసరికి అది దొంగదనిపించింది. తప్పు నాది. నన్ను క్షమించు."

అంతటి మనిషి నోట ఆ మాట వినేసరికి, అప్పటిదాకా గట్టిగా ఉన్న జ్ఞానమణికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించింది. ఆయన రెండు వ్యాసాలూ కలిపి గుండుసూది గుచ్చి, పైన తన చేత్తో మార్కులు రాసి సంతకం చేశాడు. సాయంత్రానికి బోర్డు మీద అంటించిన కాగితంలో ఆమె పేరు మొదట ఉంది.

తిరుగు ప్రయాణంలో గాబ్రియేలుకు నోరు ఆగలేదు. ఎదురొచ్చిన ప్రతి బండినీ ఆపాడు. పెద్దపాడు దాటగానే తమ ఊరి బొజ్జన్న గొర్రెలు తోలుకుపోతూ కనబడ్డాడు.

"ఏమప్పా బొజ్జన్నా, ఇనుకున్యావా? మా పాప రాసింది జూసి మద్రాసు ఇన్‌స్పెక్టరు ఇది మనిషి రాసింది కాదన్యాడంట. దొరలు రాసిందన్యాడంట!"

"అట్లన్లేదు నాయనా," అంది జ్ఞానమణి.

"నువ్వు ఊరకుండు. మళ్లీ గదిలో కూసోబెట్టి, తలుపేసి రాపిచ్చినారప్పా. రాసి మొగాన కొట్టింది. ఆయప్ప లేసి నిలబడి క్షమించమన్యాడు."

"లేసి నిలబల్లేదు నాయనా."

"కూసోనే అడిగినాడు లే. అడిగినాడా లేదా?"

"అడిగినాడు."

"ఇనుకున్యావా బొజ్జన్నా!"

గొర్రెలు ముందుకు పోయినా బొజ్జన్న కదల్లేదు. మొత్తం కథ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. రెండోసారి చెప్పినప్పుడు ఇన్‌స్పెక్టర్లు ఇద్దరయ్యారు. జ్ఞానమణి ఇక అడ్డుపడలేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ చెబుతున్న తండ్రి ఒళ్లోంచి పగ్గాలు తీసుకుని, తనే ఎడ్లను అదిలించింది. ఆమె తోలుతున్న సంగతి గాబ్రియేలు చాలా దూరం దాకా గమనించనే లేదు.

ఆ ఏడే జ్ఞానమణి ట్రైనింగులో చేరింది. పూర్తయ్యాక టౌను బడిలో ఉండమన్నారు. ఆమె తన పల్లెబడికే పోతానంది. చర్చి అరుగు మీద నడిచిన బడికి రెండేళ్లలో బండల కప్పుతో గది వచ్చింది. ఐదో తరగతి దాకా పెరిగింది. అందులో చదివిన మాల మాదిగ పిల్లలు కొందరు ఆ తర్వాత పంతుళ్లయ్యారు, ఒకరు నర్సు అయింది.

కొత్త గది తెరిచిన వారంలో గాబ్రియేలు, ఓబులమ్మ చూడవచ్చారు. ఓబులమ్మ గది నాలుగు మూలలూ చూసి, పిల్లలకు తెచ్చిన వేరుశెనగ గింజలు పంచి, పరిచయస్తుల ఇంటికి పోయింది. గాబ్రియేలు మాత్రం వెనక గోడకు చేరగిలి, పిల్లలతోపాటు నేల మీద కూర్చున్నాడు. జ్ఞానమణి ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పిల్లలు ఒక్కగొంతుతో పలికినప్పుడల్లా తల ఊపుతూ, సాయంత్రం గంట కొట్టేదాకా అక్కడి నుంచి లేవలేదు.